మొదటిసారి పీసీ అమర్చుకునేవారు కేబినెట్ బయట పరీక్షించి చూడటం తప్పనిసరా?

కృష్ణాతీరం:

మా తమ్ముడు తన మొదటి డెస్క్‌టాప్‌ను తానే అమర్చుకోవాలని భాగాలు సమకూర్చుకుంటున్నాడు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై) ఇంటికి చేరాయి. గ్రాఫిక్స్ కార్డును పండుగ తగ్గింపుల్లో కొందామని ఆగాడు. ఇప్పుడు రెండు సలహాలు ఎదురెదురుగా నిలిచాయి. కేబినెట్‌లో బిగించకముందే మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి, తెరపై బొమ్మ వస్తుందో లేదో చూసుకోవాలని, లేకపోతే తరువాత లోపం ఎక్కడుందో తేలదని అతని స్నేహితుడు అంటున్నాడు. భాగాలు అమ్మిన దుకాణదారు మాత్రం అది అనవసరపు శ్రమ అని, కొత్తవాళ్ళు బోర్డును ఎంత ఎక్కువగా తడిమితే అంత ప్రమాదమని చెప్పారు. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నిదానం:

బయట పరీక్షించడం తప్పనిసరి అనే నేను అంటాను. పవర్ బటన్ నొక్కినప్పుడు ఫ్యాన్లు తిరుగుతూ, తెర మాత్రం నల్లగా ఉండిపోయే స్థితిని ఊహించండి. అప్పటికే మదర్‌బోర్డు తొమ్మిది స్క్రూలతో కేబినెట్‌కు బిగిసి ఉంటుంది, వైర్లన్నీ వెనుక పలక చాటున కట్టేసి ఉంటాయి, గ్రాఫిక్స్ కార్డు, స్టోరేజి, ముందు ప్యానెల్ వైర్లు అన్నీ తగిలించి ఉంటాయి. అనుమానించవలసిన వాటి సంఖ్య అప్పుడు పదిహేను దాటుతుంది. అదే పెట్టె మీద అయితే ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు, మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంటాయి. రైజెన్ 7000 వరుసలో ఎఫ్ అక్షరంతో ముగిసేవి తప్ప మిగిలినవాటిలో చిన్న గ్రాఫిక్స్ విభాగం ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి, మీ తమ్ముడు కార్డు కోసం ఆగకుండానే ఈ పరీక్ష చేయవచ్చు.

దీనికి మరొక ఆచరణాత్మక కారణం కూడా ఉంది. మన దగ్గర చాలామంది భాగాలను ఒకేసారి కొనరు. ఈ నెల బోర్డు, పై నెల ప్రాసెసర్, పండుగకు కార్డు అన్నట్లు కొంటారు. ఆన్‌లైన్ అంగళ్ళు వస్తువును మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. అది దాటిపోయిన తరువాత లోపం బయటపడితే తయారీదారు వారంటీ మాత్రమే దిక్కు, అది సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగే పని. పెట్టె మీద ఒక సాయంత్రం గడిపితే ఆ గడువులోగా విషయం తేలిపోతుంది.

బోర్డును యాంటీ స్టాటిక్ సంచి మీద పెట్టి కరెంటు ఇవ్వకూడదు, ఎందుకంటే వాటిలో చాలా సంచుల పైపొర కొంత విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. అట్టపెట్టె చాలు.

మరమ్మతుబల్ల:

నేను సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే పని చేస్తాను. నిదానం గారి తర్కం కాగితం మీద చక్కగా ఉంది, కానీ నా బల్ల మీదికి వచ్చే “నో డిస్‌ప్లే” యంత్రాలు ఆ తర్కాన్ని అంతగా బలపరచవు. సొంతంగా అమర్చుకున్నవారు తెచ్చే కొత్త యంత్రాల్లో, పెట్టెలోంచి తీసినప్పుడే చెడిపోయి ఉన్న భాగం కనిపించడం అరుదు. కనిపించేవన్నీ దాదాపు బిగింపు లోపాలే, వాటిలోనూ ఎక్కువ భాగం కేబినెట్‌లోకి వెళ్ళిన తరువాత పుట్టేవే.

ఉదాహరణకు, బోర్డు ఎడమ పైమూలన ఉండే 8 పిన్నుల ప్రాసెసర్ కరెంటు కనెక్టర్‌ను తీసుకోండి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ తగిలించగానే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి కాబట్టి అంతా సరిగానే ఉందని కొత్తవారు భావిస్తారు. కానీ ఆ 8 పిన్నులది తగలకపోతే ప్రాసెసర్ మేలుకోదు. కేబినెట్ పై అంచుకూ హీట్‌సింకుకూ మధ్య చెయ్యి పట్టదు కాబట్టి దాన్ని మరిచిపోవడమో, సగం నొక్కి వదిలేయడమో జరుగుతుంది. పెట్టె మీద ఆ కనెక్టర్ చేతికి బాగా అందుతుంది, అక్కడ ఎవరూ దాన్ని మరవరు. అంటే పెట్టె మీద పరీక్ష నెగ్గుతుంది, కేబినెట్‌లో యంత్రం లేవదు. బోర్డును కేబినెట్ పలకకు తాకకుండా ఎత్తిపట్టే స్టాండాఫ్‌ల సంగతీ ఇంతే. ఆ చిన్న ఇత్తడి కాళ్ళలో ఒకటి రంధ్రం లేని చోట బోర్డు కింద మిగిలిపోతే, అది వెనుకవైపు సోల్డరింగుకు తాకి షార్ట్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి వెంటనే ఆగిపోతుంది. అట్టపెట్టెకు ఇత్తడి కాళ్ళు ఉండవు కదా.

ర్యామ్ విషయంలోనూ ఇదే చూస్తున్నాను. చాలా బోర్డుల్లో ర్యామ్ స్లాటుకు ఒక చివర మాత్రమే క్లిప్ ఉంటుంది. ఆ వైపు టక్కుమని చప్పుడు వస్తే పని అయిపోయిందనుకుంటారు, రెండో చివర పైకి లేచే ఉంటుంది. రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండవ, నాల్గవ స్లాటుల్లో, అంటే బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉన్నవాటిలో పెట్టాలి. ఇది బయట చేసినా లోపల చేసినా ఒకటే.

కొత్తవారిని బాగా తికమకపెట్టేది మాత్రం లోపమే కాని విషయం. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డు మొదటిసారి కరెంటు అందుకున్నప్పుడు ఆ స్టిక్కులకు తగిన సమయాలను తానే కొలిచి సర్దుకుంటుంది. దీన్ని మెమరీ ట్రెయినింగ్ అంటారు. ఏఎం5 సాకెట్ ఉన్న మీ బీ650 లాంటి బోర్డుల మీద, ముఖ్యంగా 2022లో వచ్చిన తొలి బయోస్‌లతో (బయోస్ అంటే యంత్రాన్ని మేల్కొలిపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము), ఇది నిమిషాల తరబడి సాగుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న దీపం వెలుగుతూనే ఉంటుంది. చూసేవారికి ఓపిక నశించి కరెంటు ఆపేస్తారు, మళ్ళీ ఇస్తారు. అప్పుడు కొలత మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఎవరో చెప్పారని బయోస్ బ్యాటరీ తీసి పెడితే, సాధించినంతా చెరిగిపోతుంది. ఇదంతా పెట్టె మీద జరిగితే, బోర్డు పనికిరాదని తేల్చుకుని ప్రాసెసర్‌ను పైకి తీసి చూడటం మొదలుపెడతారు. ఏఎం5లో పిన్నులు బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో ఉంటాయి, ఇంటెల్‌లోనూ అంతే. ఒక్కసారి వేలు జారితే అవి వంగుతాయి, వంగిన పిన్నులకు వారంటీ వర్తించదు. బాగానే ఉన్న బోర్డు పరీక్ష కారణంగా పాడవడం నేను కళ్ళారా చూసిన విషయం. మీ దుకాణదారు చెప్పిన మాటలో అంత నిజం ఉంది.

నిదానం:

మరమ్మతుబల్ల గారు చెప్పిన వాస్తవాలను నేను కాదనడం లేదు, కానీ వాటి నుంచి ఆయన తీసిన నిర్ణయం నాకు సరైనదిగా తోచడం లేదు. కేబినెట్‌లోకి వెళ్ళాకే లోపాలు పుడతాయన్నది నిజమైతే, వెళ్ళకముందు బొమ్మ వచ్చిందన్న ఒక్క సంగతి ఎంత విలువైనదో చూడండి. అప్పుడు ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద, బయోస్ మీద అనుమానం ఉండదు. స్టాండాఫ్, 8 పిన్నుల కనెక్టర్, ముందు ప్యానెల్ వైర్లు, ఈ మూడింటినీ వెతికితే చాలు. ఆ ఆధారం లేనివారే సాకెట్ తెరుస్తారు. పిన్నులు వంచేది పరీక్ష కాదు, ఏం చూడాలో తెలియని తొందర. ఆ తొందర కేబినెట్ లోపల ఉన్నా వంచుతుంది, పైగా అక్కడ వెలుతురు తక్కువ.

బయోస్ సంగతి కూడా తలచుకోవలసిందే. బీ650 బోర్డు 2022 అక్టోబరులో వచ్చింది. 7600 ప్రాసెసర్‌కు అది ఇబ్బంది పెట్టదు కానీ, అదే బోర్డు మీద రైజెన్ 9000 వరుస ప్రాసెసర్ పెట్టాలంటే కొత్త బయోస్ కావాలి, పాత నిల్వ బోర్డులో అది ఉండకపోవచ్చు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులో పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసి, ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చవచ్చు. ఈ పనికి బోర్డు కేబినెట్ బయట ఉండటమే సుఖం.

విశాఖఅలలు:

గ్రాఫిక్స్ విభాగం లేని ప్రాసెసర్ల గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. రైజెన్ 5 5600 గానీ, ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉన్నవి గానీ కొన్నవారు బయట పరీక్షించాలంటే కార్డును కూడా తగిలించాలి. పెట్టె మీద బోర్డు చదునుగా ఉన్నప్పుడు కార్డు ఇనుప పట్టీ కింది అంచు బోర్డు కంటే దిగువకు వస్తుంది కాబట్టి, బోర్డును పెట్టె అంచుకు జరిపి పట్టీ బయటికి వేలాడేటట్లు పెట్టకపోతే కార్డు స్లాటులో వంకరగా నిలుస్తుంది. బరువైన కార్డులను అలా ఆధారం లేకుండా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి ప్రాసెసర్ ఉన్నవారు నేరుగా కేబినెట్‌లో బిగించడమే మేలని నా అభిప్రాయం.

ఇంకొక మాట. పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ దాని వెనుక ఎర్తింగ్ వైరు ఉండదు. అటువంటి చోట ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల దాని లోహపు పెట్టె మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజి, చాలా తక్కువ కరెంటుతో, తేలుతూ ఉంటుంది. ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. పెట్టె మీద పరీక్షిస్తూ ఒక చేత్తో ఎస్‌ఎంపీఎస్‌ను, ఇంకో చేత్తో బోర్డును పట్టుకునేవారు ముందు సాకెట్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోవడం మంచిది.

మరమ్మతుబల్ల:

విశాఖఅలలు గారి రెండు మాటలూ సరైనవే. నిదానం గారికి ఒక మేరకు ఒప్పుకుంటాను: బొమ్మ వచ్చిందన్న ఆధారం విలువైనదే. కానీ ఆ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసినవారికే అది విలువైనది. తెరపై బయోస్ కనిపించిందంటే ర్యామ్ బాగుందని కాదు, కొన్ని నిమిషాల పాటు మామూలు వేగంతో పనిచేసిందని మాత్రమే. ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేశాక విండోస్ నీలితెర చూపే యంత్రాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి వాటికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచి ఒక రాత్రంతా నడిపితే గానీ నిజం తెలియదు. దాన్ని కేబినెట్‌లో బిగించిన తరువాత చేసుకోవచ్చు.

కాబట్టి, తప్పనిసరి అన్న మాటకే నా అభ్యంతరం. మీ తమ్ముడి భాగాలకు మాత్రం బయటి పరీక్ష పనికి వస్తుందనే చెబుతాను, ఎందుకంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంది, దానితో వచ్చే చిన్న కూలర్‌ను ఎలాగూ బయటే బిగించడం సులువు. ప్రాసెసర్‌ను ఒక్కసారే పెట్టాలి, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయాలి, కూలర్ ఫ్యాన్ వైరు తగిలించాలి, ఆ తరువాత ఫలితం ఏదైనా సరే సాకెట్ జోలికి పోకూడదు. సాకెట్ మీది ప్లాస్టిక్ మూతను పారేయకూడదు, వారంటీకి పంపేటప్పుడు దాన్ని అడుగుతారు. పవర్ బటన్ వైరు తగిలే బోర్డు మీది పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కలపమని వీడియోల్లో చూపిస్తారు గానీ, చేతి వణుకుకు పక్క పిన్నులు కలిసే అవకాశం ఉంది. కేబినెట్‌ను పక్కనే నిలబెట్టి దాని పవర్ బటన్ వైరునే బోర్డుకు తగిలిస్తే స్క్రూడ్రైవర్ అవసరమే లేదు. ఒక్క ర్యామ్ స్టిక్కుతో, ఏ2లో పెట్టి మొదలుపెట్టాలి. డీర్యామ్ దీపం వెలిగితే కనీసం పదిహేను నిమిషాలు దేన్నీ ముట్టుకోకుండా కూర్చోవాలి. అప్పటికీ దీపం ఆరకపోతే, స్విచ్ ఆపి, రెండో స్టిక్కుతో అదే స్లాటులో మరోసారి చూడాలి. సీపీయూ దీపం వెలిగితే ముందుగా ఆ 8 పిన్నుల కనెక్టర్‌నే చూడాలి. మాడ్యులర్ (కేబుళ్ళను విడిగా తగిలించే) ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబుళ్ళనే వాడాలి. వేరే కంపెనీవి సరిగ్గా అమరినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండి బోర్డును కాల్చేయగలవు. ఎస్‌ఎంపీఎస్ మార్చుకునేటప్పుడు పాత కేబుళ్ళను అలాగే ఉంచేసేవారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

నిదానం:

ఈ క్రమానికి నాకు అభ్యంతరం లేదు. ఇంత తెలిసి చేసేవారికి పరీక్ష తప్పనిసరి కాదన్నది మీ మాట, ఇంత తెలియనివారికి ఈ క్రమాన్ని నేర్పేది ఆ పరీక్షే అన్నది నా మాట. అక్కడ మనకు ఏకీభావం కుదరదేమో.

కృష్ణాతీరం:

ఇద్దరికీ, విశాఖఅలలు గారికీ ధన్యవాదాలు. బోర్డును పెట్టె మీద పెట్టే చూడమని తమ్ముడికి చెబుతాను. ఒక్క సందేహం మిగిలింది. ఇంట్లో ఉన్నది వీజీఏ పోర్టు మాత్రమే ఉన్న పాత మానిటర్. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి ఉంది. దానితో పరీక్షించవచ్చా?

మరమ్మతుబల్ల:

పరీక్షకు అది వద్దు. హెచ్‌డీఎంఐ డిజిటల్ సంకేతాన్ని వీజీఏకు తగిన అనలాగ్ సంకేతంగా మార్చాలంటే కన్వర్టర్ లోపల చిప్ ఉండాలి. చవక కన్వర్టర్లలో కొన్ని విండోస్ వచ్చాక బాగానే పనిచేస్తాయి గానీ, బయోస్ దశలో బొమ్మ చూపించవు. అప్పుడు బాగున్న బోర్డు మీద అనుమానం పడుతుంది. హాల్లో ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే బోర్డును దాని దగ్గరికే తీసుకువెళ్ళి, ఆ పోర్టునే టీవీలో ఎంచుకుని చూడండి. టీవీలో బొమ్మ వచ్చి మానిటర్‌లో రాకపోతే బోర్డు జోలికి వెళ్ళకండి, మార్చవలసింది ఆ కన్వర్టర్‌నే.