ఫడ్జ్ గట్టిపడట్లేదు, తేడా ఎక్కడ వస్తోందో చెప్పగలరా?

పంచదార, పాలు, కోకో, వెన్నతో ఫడ్జ్ చేస్తున్నాను. కండెన్స్‌డ్ మిల్క్ వెయ్యని పాత పద్ధతి. రాత్రంతా ఉంచినా ముక్కలు కొయ్యడానికి రావట్లేదు, కత్తికి సాగుతూ అంటుకుంటోంది.

పాకం 114 డిగ్రీల సెల్సియస్ దాకా కాస్తున్నాను. చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కడుతోంది. థర్మామీటర్‌ని మరిగే నీళ్లలో పెట్టి చూశాను, 100 చూపించింది. అందుకే నా అనుమానమంతా కలపడం మీదే. 43 డిగ్రీలకు చల్లారాక కలపమంటారు కదా, పైన మెరుపు పూర్తిగా పోయేదాకా ఆపకూడదా? చేత్తో అయితే సుమారు ఎంతసేపు పడుతుంది? గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ కాయాలా?

ఇంత వెన్న పోసి చేసింది పారెయ్యడానికి మనసొప్పట్లేదు. కొంచెం పాలు కలిపి కరిగించి మళ్లీ కాస్తే సరవుతుందా, అడుగంటుతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.