హీట్ టెంప్లేటుతో కుబర్నెటీస్ క్లస్టర్: స్టాక్ పూర్తయిందని చూపిస్తుంది, వర్కర్లు మాత్రం చేరడం లేదు

ప్రశ్న (అనంతపురం, కళాశాల ల్యాబ్ నుంచి)

అందరికీ నమస్కారం. అనంతపురంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. మా దగ్గరున్న 5 సర్వర్ల మీద, వాటిని పంచి వర్చువల్ మెషీన్లు ఇచ్చే ఓపెన్‌స్టాక్ నడుపుతున్నాం. చివరి సంవత్సరం విద్యార్థులను 12 జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు 3 నోడ్ల కుబర్నెటీస్ క్లస్టర్ (కంటైనర్లలోని ప్రోగ్రాములను కలిసి నడిపే మెషీన్ల గుంపు; ఒక్కో మెషీన్ ఒక నోడ్) ఇవ్వాలన్నది మా ఏర్పాటు. నిరుటి వరకు ఆ 36 వర్చువల్ మెషీన్లనూ చేతితోనే తయారుచేసేవాళ్లం. రెండు రోజులు పట్టేది. అంత చేసినా ఒక జట్టుకు సెక్యూరిటీ గ్రూపులో ఒక పోర్టు తెరవడం మరచిపోయేవాళ్లం, ఇంకో జట్టుకు వేరే వెర్షన్ పడేది.

ఈసారి హీట్ టెంప్లేట్ రాశాను. కావలసినవన్నీ ఒక ఫైలులో రాసిస్తే హీట్ అనే ఓపెన్‌స్టాక్ భాగం వాటిని తానే తయారుచేస్తుంది; అలా పుట్టిన ఒక్కో సెట్టు ఒక స్టాక్. నెట్‌వర్క్, రౌటర్, సెక్యూరిటీ గ్రూప్, క్లస్టర్‌ను నడిపించే ఒక కంట్రోల్ నోడ్, రిసోర్స్ గ్రూప్ (ఒకేలాంటివి ఎన్ని కావాలో చెప్పే చోటు) కింద రెండు వర్కర్ నోడ్లు అందులో ఉన్నాయి. క్లస్టర్‌లో చేరడానికి వర్కర్ చూపే జాయిన్ టోకెన్ నేనే ఒకటి రాసి 12 స్టాకుల్లోనూ అదే పెట్టాను. వర్కర్ల యూజర్ డేటా స్క్రిప్టులో (మెషీన్ మొదటిసారి బూట్ అయినప్పుడు నడిచేది) మొదట 180 సెకన్ల స్లీప్, ఆ తరువాత క్లస్టర్‌లో చేర్చే కుబెఅడ్మ్ జాయిన్ ఆదేశం. ఒక్క క్లస్టర్‌ను పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసింది. 12 ఒకేసారి మొదలుపెట్టేసరికి ఏడింటిలో వర్కర్లు చేరలేదు. అయినా హీట్ అన్ని స్టాకులకూ క్రియేట్ కంప్లీట్ అనే చూపించింది. స్లీప్‌ను 600కు పెంచితే చేరనివి నాలుగుకు తగ్గాయి, అంతకన్నా తగ్గలేదు. పూర్తయిందని చూపిస్తున్న స్టాక్‌ను విద్యార్థుల ముందు తెరిస్తే లోపల ఒక్క నోడే కనబడటం నాకు చాలా కష్టంగా ఉంది.

లోపం ఎక్కడుందో, ఈ టెంప్లేట్‌ను పక్కనబెట్టి క్లస్టర్లను తానే కట్టే ఓపెన్‌స్టాక్ సేవ మాగ్నమ్ వైపు వెళ్లడం మేలేమో, అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (కర్నూలు నుంచి)

సార్, హీట్ లెక్కలో సర్వర్ పూర్తవడమంటే ఆ మెషీన్ యాక్టివ్ స్థితికి వచ్చిందని, మెషీన్లను నడిపే ఓపెన్‌స్టాక్ భాగమైన నోవా చెప్పడమే. లోపల యూజర్ డేటాను అమలుచేసే క్లౌడ్-ఇనిట్ మీ స్క్రిప్టును నడిపిందా, అది మధ్యలో ఆగిపోయిందా అన్నది హీట్‌కు తెలిసే దారి మీ టెంప్లేటులో లేదు. ముందు ఆ దారి వేయాలి.

స్లీప్‌ను ఎంత పెంచినా లాభం లేదు. 36 మెషీన్లు ఒకే స్టోరేజీ మీద బూట్ అవుతూ, కళాశాలకున్న ఒకే ఇంటర్నెట్ లైను మీద ప్యాకేజీలు దించుకుంటున్నప్పుడు ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరూ ముందుగా లెక్కగట్టలేరు. మన వైపు వేరుశనగ రైతు తారీఖు చూసి విత్తనం వేయడు. వాన పడ్డాక మట్టి చేతిలోకి తీసుకొని, పదును అయిందో లేదో చూసి వేస్తాడు. వర్కర్ కూడా కంట్రోల్ నోడ్ సిద్ధమైందన్న కబురు అందాకే కదలాలి.

ఆ కబురు కోసమే హీట్‌లో కబురు వచ్చేదాకా ఆగే వెయిట్ కండిషన్, దానికి తోడుగా కబురు పంపాల్సిన చిరునామా ఇచ్చే వెయిట్ కండిషన్ హ్యాండిల్ ఉన్నాయి. హ్యాండిల్ ఇచ్చే కర్ల్ ఆదేశాన్ని (ఆ చిరునామాకు సందేశం పంపేది) కంట్రోల్ నోడ్ స్క్రిప్టు చివర పెట్టండి. క్లస్టర్‌ను మొదలుపెట్టే కుబెఅడ్మ్ ఇనిట్ సవ్యంగా ముగిస్తే సక్సెస్ అని, లేకపోతే ఫెయిల్యూర్ అని పంపాలి. ఫెయిల్యూర్ పంపేటప్పుడు తప్పు సందేశపు చివరి వరుసను కారణం అనే చోట జతచేయండి. అప్పుడు గడువు తీరేదాకా ఎదురుచూడకుండా స్టాక్ వెంటనే ఆగి, ఎందుకు ఆగిందో కూడా చూపిస్తుంది. ఈ ఫెయిల్యూర్ సంగతిని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో సగం ఉపయోగం అందులోనే ఉంది.

సక్సెస్ కబురుతో పాటు డేటా కూడా పంపవచ్చు. క్లస్టర్ సీఏ సర్టిఫికెట్ హ్యాష్‌ను (తాను చేరేది అసలు క్లస్టరేనని వర్కర్ పోల్చుకునే గుర్తు) అలా పంపి, వర్కర్ యూజర్ డేటాలో వెయిట్ కండిషన్ డేటాను గెట్ అట్రిబ్యూట్‌తో తీసుకోండి. ఒకరి విలువ ఇంకొకరికి కావాలి కాబట్టి, కంట్రోల్ నోడ్ సిద్ధమయ్యేదాకా వర్కర్లను హీట్ అసలు పుట్టించనే పుట్టించదు. స్లీప్ అవసరమే ఉండదు. ఆ డేటా జేసన్ రూపంలో వస్తుంది కనుక, అందులోంచి హ్యాష్‌ను విడదీసే ఒక వరుస వర్కర్ స్క్రిప్టులో రాసుకోవాలి.

అన్ని జట్లకూ ఒకే టోకెన్ మంచిది కాదు సార్. కుబెఅడ్మ్ టోకెన్‌లో 6 అక్షరాలు, ఒక చుక్క, తరువాత 16 అక్షరాలు ఉంటాయి. చిన్న అక్షరాలు, అంకెలతో 6 పొడవున ఒకటి, 16 పొడవున ఒకటి రాండమ్ స్ట్రింగ్ వనరులు పెడితే ఏ స్టాక్ టోకెన్ దానికి పుడుతుంది.

వర్కర్‌ను వేరే ఫైలులో చిన్న టెంప్లేటుగా రాసి, రిసోర్స్ గ్రూప్ దానిని పిలిచేలా చేయండి. ప్రతి వర్కర్‌కూ సొంత వెయిట్ కండిషన్ ఉంటే, రేపు సంఖ్యను 2 నుంచి 3కు పెంచినప్పుడు కొత్తదాని కోసమే హీట్ ఆగుతుంది.

కంటైనర్లను నడిపే కంటైనర్డ్, కుబెఅడ్మ్, కావలసిన కంటైనర్ ఇమేజీలు అన్నీ ముందే ఎక్కించిన ఒక మెషీన్ డిస్క్ ఇమేజ్ తయారుచేసి, ఓపెన్‌స్టాక్‌లో ఇమేజీలు దాచే గ్లాన్స్‌లో పెట్టుకుంటే ఇంటర్నెట్ లైను మీద భారం పోతుంది. మాగ్నమ్ మంచిదే, కానీ అది పనిచేయకపోయినప్పుడు లోపల ఏం జరిగిందో వెతకడానికి, ఇప్పుడు మీరు నేర్చుకుంటున్నదంతా తెలిసి ఉండాలి. క్లస్టర్ ఎలా కూడుతుందో చూపించడమే పాఠమైనప్పుడు సొంత టెంప్లేటే సరైనదని నా అభిప్రాయం.

జవాబు 2 (ప్రొద్దుటూరు నుంచి)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక్క విషయం చేరుస్తాను. మీ టెనెంట్ నెట్‌వర్క్ (మెషీన్లకు ఇచ్చే లోపలి నెట్‌వర్క్) వీఎక్స్‌ల్యాన్ అయితే, అంటే ప్యాకెట్టును ఇంకో ప్యాకెట్టులో చుట్టి పంపేదైతే, ప్రతి ప్యాకెట్టుకూ 50 బైట్లు అదనంగా పడతాయి. కిందనున్న అసలు నెట్‌వర్క్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం) 1500 అయితే మెషీన్‌కు దక్కేది 1450. పాడ్ల (కుబర్నెటీస్‌లో కంటైనర్లు నడిచే చిన్న గుంపుల) నెట్‌వర్క్ కూడా వీఎక్స్‌ల్యాన్ అయితే పాడ్లకు మిగిలేది 1400. ఎక్కడో ఒకచోట 1500 అని మిగిలిపోతే లక్షణం విచిత్రంగా ఉంటుంది: పింగ్ వెళ్తుంది, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ కూడా అవుతుంది, ఇమేజ్ దించబోతే మాత్రం కదలకుండా ఉండిపోతుంది. పింగ్‌ను ముక్కలు కాకుండా 1422 బైట్లతో ఒకసారి, 1472 బైట్లతో ఒకసారి పంపి చూడండి (శీర్షికల 28 బైట్లు కలిస్తే అవి 1450, 1500 అవుతాయి). మొదటిది వెళ్లి రెండోది వెళ్లకపోతే దారి 1450దేనని తేలినట్టే.

జవాబు 3 (కడప నుంచి)

నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదని. నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో సరిగ్గా ఇలాంటి టెంప్లేటే ఉండేది. నెల రోజుల తరువాత ఇంకో వర్కర్ కావలసి వచ్చి సంఖ్య పెంచాను. అది చేరలేదు. కుబెఅడ్మ్ టోకెన్ గడువు మామూలుగా 24 గంటలేనని అప్పుడు గుర్తొచ్చింది. కొత్త టోకెన్ చేయించి, టెంప్లేట్ పారామీటర్‌లో మార్చి స్టాక్ అప్‌డేట్ ఇచ్చాను. యూజర్ డేటా మారితే సర్వర్‌ను తీసేసి కొత్తది పెట్టడం హీట్‌కు సహజమైన పద్ధతి. పని చేస్తున్న వర్కర్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. వాటి డిస్కుల మీదున్న డేటా కూడా పోయింది. ఆ సాయంత్రం వాడుకరులకు ఫోన్లు చేసి చెప్పుకోవలసిన పరిస్థితి నేను ఇంకా మరచిపోలేదు.

కాబట్టి సర్వర్ వనరులో యూజర్ డేటా అప్‌డేట్ పాలసీని ఇగ్నోర్ అని రాయండి. ప్రతి అప్‌డేట్‌కు ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా, ఏం మారబోతుందో చూపేది) ఇచ్చి, రీప్లేస్డ్ అన్న జాబితాలో ఏ సర్వర్ పేరైనా ఉందేమో చూడండి. టోకెన్‌ను గడువు లేనిదిగా చేయడం తేలికే గాని నేను వద్దంటాను. టోకెన్ ఉన్న యూజర్ డేటాను, మెషీన్‌కు దాని వివరాలు అందించే 169.254.169.254 చిరునామా నుంచి, అడ్డుకట్ట వేయకపోతే, పాడ్ లోపలి ప్రోగ్రామ్ కూడా చదవగలదు. కుబెఅడ్మ్ టోకెన్ క్రియేట్ ఆదేశానికి మనకు కావలసిన టోకెన్‌నే ఇవ్వవచ్చు. వర్కర్‌ను పెంచే ముందు కంట్రోల్ నోడ్‌లో పాత టోకెన్‌నే గంట గడువుతో మళ్లీ పుట్టించండి. యూజర్ డేటా మారదు, కొత్త వర్కర్ చేరుతుంది.

ప్రశ్నించినవారి తిరుగు సమాధానం (అనంతపురం)

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే తిరగరాశాను. మొదటిసారి 12 స్టాకులూ గడువు తీరి ఆగిపోయాయి. ఒక మెషీన్ కన్సోల్ లాగ్ తెరిచి చూస్తే, కర్ల్ ఆదేశంలోని హీట్ చిరునామా కంట్రోలర్ అనే పేరుతో ఉంది; ఆ పేరు మా సర్వర్లకు తెలుసు గాని లోపలి మెషీన్లకు తెలియదు. ఆ చిరునామాను, అంటే హీట్ పబ్లిక్ ఎండ్‌పాయింట్‌ను, మెషీన్లకు అందే ఐపీ చిరునామాగా మార్చాను.

రెండోసారి ఎనిమిది పూర్తయ్యాయి, నాలుగు ఫెయిల్ అయ్యాయి. నాలుగింటి కారణంలోనూ ఒకే వాక్యం: సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు. చేరని వర్కర్లు ఏ సర్వర్ మీద ఉన్నాయో వెతికితే అన్నీ ఐదో సర్వర్ మీదే. దాని గడియారం మూడు గంటలు వెనక్కు ఉంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోవడంతో, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సమయం తప్పుతోంది. సమయం సరిచేసే క్రోనీ సేవ ఆ ఒక్క సర్వర్‌లో నడవడం లేదు. స్లీప్‌ను 600 చేసినా ఆ నాలుగు ఎందుకు మిగిలాయో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ నెట్‌వర్క్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను.

బ్యాటరీ మార్చి, అయిదింటిలోనూ క్రోనీ సరిచేశాను. ఎంటీయూ పరీక్షలో 1422 వెళ్లింది, 1472 వెళ్లలేదు. పాడ్ నెట్‌వర్క్‌ను 1400కు పెట్టాను. ఈ సాయంత్రం 12 స్టాకులూ పూర్తయ్యాయి, ప్రతి దానిలోకీ వెళ్లి మూడేసి నోడ్లు రెడీ అని ఉండటం కళ్లారా చూశాను. రేపు మొదటి జట్టు చేత వర్కర్ల సంఖ్యను 2 నుంచి 3కు మార్పిస్తాను. అప్‌డేట్ నొక్కే ముందు డ్రై రన్ జాబితాను వాళ్ల చేతనే పైకి చదివిస్తాను.