డాబాగార్డెన్స్ బొమ్మల దుకాణానికి పాత వెబ్‌సైటు: బాగు చేయించాలా, తీసివేయాలా?

డాబాగార్డెన్స్ దుకాణదారు:
మేము విశాఖపట్నంలో ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతాము. 2011లో చేయించిన వెబ్‌సైటు పేరుకు ఇంకా నడుస్తోంది గానీ, దాన్ని చూసి వచ్చామన్నవారు ఈ మధ్య ఎవరూ లేరు. ముఖపేజీలో ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసిన, బొంగరం తిరిగే చిత్రం ఉండేది. 2020 చివరితో ఫ్లాష్‌కు కాలం చెల్లాక అక్కడ ఖాళీ పెట్టె మిగిలింది. తెలుగు పాఠమంతా అప్పట్లో డీటీపీ చేయించి ఫొటోగా అతికించినది. బ్రౌజరేమో ‘నాట్ సెక్యూర్’ అంటోంది. ఏటికొప్పాక 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నా మా పేజీ మాత్రం ఇంకా విశాఖ జిల్లా అనే చెబుతోంది. మా అబ్బాయి దీన్ని తీసివేసి ఇన్‌స్టాగ్రామ్‌తో సరిపెట్టుకుందామంటున్నాడు. ఒక సంస్థవారు మొత్తం కొత్తగా కట్టాలంటున్నారు. ఊరు చూడటానికి వచ్చేవారూ, బయటి ఊళ్ల నుంచి ఆర్డరు పెట్టేవారూ మాకు కావాలి. తెలిసినవారు చెప్పగలరు.

లాసన్స్‌బే నివాసి:
తీసివేయమనే నేను చెబుతాను. బీచ్‌రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ చూసి బయటికి వచ్చిన కుటుంబం, బొమ్మలు ఎక్కడ దొరుకుతాయని వెతికేది గూగుల్ మ్యాప్‌లో. అక్కడ తెరిచే వేళలు, నాలుగు మంచి ఫొటోలు, కొన్నవారి అభిప్రాయాలు కనిపిస్తే ఆటో ఎక్కి వచ్చేస్తారు. ధర అడగడానికి వాట్సాప్ ఉంది, అందులో కేటలాగు కూడా పెట్టుకోవచ్చు. ఏటా డొమైనుకూ (సైటు పేరుకూ) హోస్టింగుకూ (సైటును ఉంచే సర్వరుకూ) డబ్బు కట్టి, ఎవరూ చూడని పేజీలను పోషించడం దేనికి?

గాజువాక అకౌంటెంట్:
మ్యాప్ ముఖ్యమన్నంత వరకు మీతో ఏకీభవిస్తాను. అయితే అవన్నీ అద్దె కొట్టు వంటివి, ఎప్పుడు ఖాళీ చేయమంటారో మన చేతిలో లేదు. 2020 జూన్ చివర మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాన్నే నమ్ముకుని సరుకు అమ్మినవారి ఫాలోవర్లందరూ ఒక్కసారిగా పోయారు. అంతెందుకు, మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు చిన్న వ్యాపారాలకు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను గూగులే 2024 మార్చిలో ఆపివేసింది. సొంత డొమైను ఉన్నవారికి ఆ బెడద లేదు.

మధురవాడ వెబ్ పనివాడు:
అన్నిటికన్నా ముందు, దుకాణదారు గారూ, మీ డొమైను ఎవరి పేరున ఉందో చూసుకోండి. మన ఊళ్లో చాలా దుకాణాలకు అది సైటు చేసిపెట్టిన కుర్రాడి ఈమెయిలు మీద నమోదై ఉంటుంది, ఆ కుర్రాడేమో ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయి ఉంటాడు. రెన్యువల్ నోటీసులు అతడికి వెళ్తాయి, గడువు దాటితే పేరు మీకు దక్కకుండా పోతుంది. ఆ సంగతి తేలే దాకా రంగుల గురించీ డిజైను గురించీ మాట్లాడుకోవడం అనవసరం.

ఇక ‘నాట్ సెక్యూర్’ సంగతి. క్రోమ్ ఈ హెచ్చరికను 2018 జూలై నుంచి చూపుతోంది, అంటే ఇన్నేళ్లుగా మీ సైటు వచ్చినవారిని గుమ్మంలోనే బెదరగొడుతోంది. దీనికి పెద్ద మొత్తం అడిగేవారిని నమ్మకండి. ఆ హెచ్చరిక పోవడానికి సైటుకు పెట్టుకునే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగులలో అది దానంతటదే రెన్యూ అవుతుంది. తెలుగు పాఠాన్ని సెర్చ్ చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో మళ్లీ టైపు చేయించండి, ఎందుకంటే ఫొటోలోని అక్షరాలు చూపించి సెర్చ్‌లో పైకి రావాలనుకోవడం దండగ. బొమ్మల ఫొటోలను కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించకుండా సైజు తగ్గించి పెట్టాలి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. గూగుల్ 2023 అక్టోబరు నాటికి, ఫోనుకు అందే పేజీనే ప్రమాణంగా తీసుకుని సైట్లను చదివే పద్ధతికి మారడం పూర్తిచేసింది కాబట్టి, ఆ సంస్థవారు డిజైనును పెద్ద తెర మీద చూపిస్తే మీ ఫోనులో తెరిచి చూపమనండి.

సీతమ్మధార డిజైనరు:
ఇదంతా సరే గానీ, 2011 నాటి కోడును ఫోనుకు సరిపెట్టడం కన్నా కొత్తగా కట్టడమే తక్కువ పని అని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. మరమ్మతు పేరుతో గంటల లెక్కన బిల్లు పెరుగుతుంది, చివరికి చూడటానికి పాతదిలాగే ఉంటుంది. కొనేవారు రూపును బట్టే నమ్ముతారు.

మధురవాడ వెబ్ పనివాడు:
కోడు కొత్తగా రాయడానికి నాకు అభ్యంతరం లేదు. పాత పేజీల చిరునామాలను గాలికి వదిలేయడమే నా అభ్యంతరం. ఏ పత్రికో, ఏ యాత్రికుడో ఎప్పుడో ఇచ్చిన లింకు నొక్కితే ‘పేజీ లేదు’ అని రాకూడదు. ప్రతి పాత చిరునామా నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 దారి మళ్లింపు (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే సంకేతం) పెట్టి, కనీసం ఒక ఏడాది ఉంచాలని గూగులే చెబుతోంది. కొటేషనులో ఆ మాట రాసివ్వమనండి, ఎందరు వెనక్కి తగ్గుతారో మీరే చూస్తారు. ఇక కీవర్డ్స్ ట్యాగులో (సెర్చ్ కోసం పేజీ కోడులో కనిపించకుండా పెట్టే మాటల జాబితాలో) వంద మాటలు నింపి పైకి తెస్తామనేవారు ఉంటే మర్యాదగా పంపివేయండి. ర్యాంకింగులో ఆ ట్యాగును లెక్కించబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

రుషికొండ గెస్ట్‌హౌస్:
అందరూ యంత్రం గురించే మాట్లాడుతున్నారు, సరుకు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను ఆ సైటు తెరిచి చూశాను. లక్క పిడతల ఫొటో కింద ‘అద్భుతమైన నాణ్యత’ అని ఉంది, అంతే. హైదరాబాదులో ఉన్న తల్లి పాపకు అవి కొనాలంటే సెట్టులో ఎన్ని ఉంటాయి, పెద్దది ఎంత ఎత్తు, పాప నోట్లో పెట్టుకుంటే ఫరవాలేదా, పార్సిలుకు ఎంత, విరిగితే మారుస్తారా అని అడుగుతుంది. వాటికి జవాబులు ఆ పేజీలోనే ధరతో సహా ఉండాలి. అంకుడు కర్రతో చేస్తారనీ, గింజలు, బెరడు, వేర్లు, ఆకుల నుంచి రంగులు తీస్తారనీ, ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ రాస్తే, సెర్చ్‌లో దొరకడానికీ అదే పనికొస్తుంది. సహజ రంగులు వేయని సరుకు ఉంటే ఆ సంగతీ దాచకుండా రాయాలి. ‘తాజా సమాచారం’ శీర్షిక కింద 2013 దసరా తగ్గింపు ఇంకా వేలాడుతోంది, దుకాణం మూతపడిందేమో అనుకునేలా ఉంది. దాన్ని ఈ రోజే తీసేయండి.

డాబాగార్డెన్స్ దుకాణదారు:
ఆ తగ్గింపు ప్రకటన తీసివేయించాను. డొమైను సంగతి కనుక్కుంటే, మధురవాడ వారన్నట్టే అది మా పేరున లేదు. చేసిపెట్టినతను ఫోనులో దొరికాడు, మార్చి ఇస్తానన్నాడు. పేజీలు గెస్ట్‌హౌస్‌వారు చెప్పిన పద్ధతిలో మా ఆవిడా నేనూ కూర్చుని రాస్తాము.

లాసన్స్‌బే నివాసి:
రాస్తారు, సంతోషం. వచ్చే ఏడాది ధరలు మారినప్పుడు ఆ పేజీలు ఎవరు మారుస్తారు? కౌంటరు దగ్గర కూర్చునే మీ అబ్బాయికి ఫోనులోనే మార్చుకునే వీలు లేకపోతే, అయిదేళ్లకు మళ్లీ ఇదే ప్రశ్నతో వస్తారు. ఆ వీలు ఉంటుందని ఆ సంస్థవారి చేత రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. అప్పటి దాకా నా ఓటు మ్యాప్‌కే.