జీతాలివ్వని క్లబ్బుని లీగ్‌లో ఉంచాలా, గెంటేయాలా?

మద్దిలపాలెం లెఫ్ట్‌బ్యాక్:
నిన్న సాయంత్రం ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇంటికొచ్చినా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

విషయం షెఫీల్డ్ వెన్స్‌డే. అప్పటికి ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బు, 1867లో పుట్టింది. ఆటగాళ్లకి జీతాలు టైముకి అందలేదు, పన్ను బకాయిలు పేరుకున్నాయి, 2025 అక్టోబరులో క్లబ్బు దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది. రూల్ ప్రకారం వెంటనే 12 పాయింట్లు కోసేశారు. అప్పటికి వాళ్లు సంపాదించుకున్నవే ఆరు. అంటే మైనస్ ఆరు!

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం కాకపోతే ఇదేమిటి? అప్పు చేసింది ఓనరు. పాయింట్లు పోయింది జీతం అందక కూడా గ్రౌండ్‌లోకి దిగిన కుర్రాళ్లవి.

నా మంటకి ఇంకో కారణం ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్ చూసొచ్చినవాణ్ణి నేను. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టిన టీమ్ అది. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే నడిచింది కాబట్టి కప్పు గెలిచిన ఏడాది సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, అదొక ముచ్చట. మరుసటి సీజన్ రెండో స్థానం. ఆ పై ఏడాదికి జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం, ఒక్కొక్కరే బ్యాగు సర్దుకోవడం. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. 2024లో ఓనర్లు మారారు, 2025లో టీమ్ ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. లీగ్‌లో చోటు అలాగే ఉంది, హైదరాబాదే లేదు.

అయితే ఆ చోటు ఎవరిది, ఓనరుదా, ఊరిదా?

ఎంవీపీ ఆఫ్‌సైడ్:
సెంటిమెంట్ కాసేపు పక్కన పెట్టండి లెఫ్ట్‌బ్యాక్ గారూ. కట్టలేని జీతానికి ఆటగాణ్ణి తెచ్చుకుని గెలిస్తే అది దొంగ గెలుపే. బరీ సంగతి చూడండి. 2018-19లో ఇంగ్లండ్ నాలుగో డివిజన్‌లో జీతాలు ఆపేసిన క్లబ్బు రెండో స్థానంలో నిలిచి ప్రమోషన్ కొట్టేసింది. నాలుగో స్థానంలో ఆగిపోయిన మ్యాన్స్‌ఫీల్డ్ ప్లేఆఫ్‌లో ఓడిపోయి అక్కడే ఉండిపోయింది. ఆ ఊరి జనానికి ఎవరు జవాబు చెప్తారు? అప్పు చేసి పప్పు కూడు తిన్నవాడికి పాయింట్లు కోస్తేనే పక్కవాడికి న్యాయం. కోస్తే సరిపోదు, గెంటేయాలి అంటాను నేను.

గాజువాక గోల్‌కీపర్:
బరీని గెంటేశారు కదా గురూ. ఆ కథ సగం చెప్పి వదిలేస్తే ఎలా?

2018 డిసెంబరులో ఒకాయన ఆ క్లబ్బుని ఒక్క పౌండుకి కొన్నాడు. క్లబ్బు నడపడానికి డబ్బుందని రుజువు చూపించమని లీగ్ అడిగితే చూపించలేకపోయాడు. సీజన్ మొదలైంది, మ్యాచులు వాయిదా పడుతూ వచ్చాయి. 2019 ఆగస్టు 27 ఆఖరి గడువు. ఎవరో కొంటారని మాట వచ్చేసరికి ఆ రోజు పొద్దున్న వందలమంది చీపుళ్లూ బకెట్లూ పట్టుకుని గ్రౌండ్ శుభ్రం చేయడానికి వచ్చారు. శనివారం మ్యాచ్ ఉంటుందని కుర్చీలు తుడుస్తున్నారు వాళ్లు. రాత్రికి బేరం చెడింది, క్లబ్బుని లీగ్ నుంచి తీసేశారు. 125 ఏళ్లుగా ఉన్న చోటు.

మీ మ్యాన్స్‌ఫీల్డ్‌కి దీనివల్ల ప్రమోషన్ రాలేదు సరికదా, బరీ ఎక్కిన మూడో డివిజన్ ఆ ఏడాది ఒక టీమ్ తగ్గి 23 టీములతో కుంటుతూ నడిచింది. అభిమానులు కిందా మీదా పడి, రెండు ముక్కలైపోయి, మళ్లీ కలిసి, 2023లో పాత పేరుతో పాత గ్రౌండ్‌లో తొమ్మిదో అంచెలో మొదలుపెట్టారు. తొమ్మిదో అంచె!

వాల్తేరు పద్దులు:
నేను అకౌంట్స్ మనిషిని, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

దీన్ని చిట్టీలా చూడండి. ఇరవైమంది చిట్టీ వేశారు. మూడో నెలలో ఒకడు పాట పాడుకుని మొత్తం ఎత్తుకుపోయాడు, ఐదో నెల నుంచి కట్టడం మానేశాడు. వాడి పేరు నోటీసు బోర్డు మీద రాసినంత మాత్రాన మిగతా పంతొమ్మిదిమందికి డబ్బు రాదు. అందుకే బుద్ధున్నవాడు చిట్టీ ఎత్తేటప్పుడే ఇద్దరి ష్యూరిటీ అడుగుతాడు. పాయింట్ల కోత నోటీసు బోర్డు లాంటిది, లైసెన్సు ష్యూరిటీ లాంటిది. జర్మనీలో ప్రతి సీజన్‌కి ముందే పద్దులు చూపించి లైసెన్సు తీసుకోవాలి.

ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో చాలా సీజన్లలో క్లబ్బుల మొత్తం జీతాల ఖర్చు మొత్తం ఆదాయాన్ని దాటిపోయింది. వంద రూపాయలొస్తే నూటికి పైగా జీతాలకే! ఎందుకంటే ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కితే వచ్చేది కోట్ల పౌండ్లు. లాటరీ టికెట్టు కోసం ఇల్లు తాకట్టు పెట్టడం.

ఇంకో సంగతి మీకెవరికీ తట్టినట్టు లేదు. అక్కడ క్లబ్బు దివాలా తీస్తే ఆటగాళ్ల జీతాలూ, ఇతర క్లబ్బుల బాకీలూ ముందు పూర్తిగా కట్టాలి, లేకపోతే లీగ్‌లో చోటు దక్కదు. మిగతావాళ్లకి, అంటే కూరగాయలవాడికి, ప్రింటింగ్ ప్రెస్సువాడికి, రూపాయికి పైసల్లో దక్కుతుంది. 2010లో పోర్ట్స్‌మత్ దివాలా తీసినప్పుడు బాకీల జాబితాలో సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా ఉంది. మ్యాచ్ రోజున గ్రౌండ్ పక్కన ఫస్ట్‌ఎయిడ్ పెట్టె పట్టుకుని నిలబడే స్వచ్ఛంద సేవకులు. రెండేళ్ల కిందటే ఎఫ్ఏ కప్పు గెలిచిన క్లబ్బు అది.

ఎంవీపీ ఆఫ్‌సైడ్:
జర్మనీ అంటే అందరూ దండం పెట్టేస్తారు. 1860 మ్యూనిక్ పేరు విన్నారా పద్దులు గారూ? 2017లో రెండో డివిజన్ నుంచి జారింది. మూడో డివిజన్ లైసెన్సుకి కావాల్సిన డబ్బు పెట్టుబడిదారు కట్టలేదు, దాంతో నేరుగా నాలుగుకి పడింది. సగానికి పైగా ఓట్లు క్లబ్బు సభ్యులవే అని వాళ్లు గొప్పగా చెప్పుకునే రూల్ అక్కడ ఉండగానే జరిగింది ఇది. ఓటు మీదే, డబ్బు వాడిది.

వాల్తేరు పద్దులు:
పడింది, నిజమే. కానీ సీజన్‌కి ముందు పడింది. నడి సీజన్‌లో జీతాలు లేక రోడ్డున పడలేదు. తేడా అదే కదండీ నేను చెప్పేది.

పాత స్టాపర్:
జీతాల గురించి మాట్లాడేవాళ్లలో జీతం ఆగిపోయినవాడు ఒక్కడైనా ఉండాలి కదా, అందుకని రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక క్లబ్బుకి ఆడాను, పేరు వద్దు. మూడు నెలలు డబ్బు రాలేదు. 'వచ్చే వారం' అన్నారు, ప్రతి వారం. రెండు నెలల జీతం ఆగితే పదిహేను రోజుల నోటీసిచ్చి కాంట్రాక్ట్ తెంచుకోవచ్చని ఫిఫా రూల్ ఉంది. చదవడానికి బాగుంటుంది. నడి సీజన్‌లో తెంచుకుని ఎక్కడికి వెళ్తాం? మోకాలు కట్టుతో ఉన్నవాణ్ణి ఎవడు తీసుకుంటాడు?

ఆ రోజుల్లో క్లబ్బుని లీగ్ నుంచి తీసేస్తారని పుకారు వచ్చింది. మాకు భయం వేసింది. క్లబ్బు ఉంటేనే కనీసం బాకీ అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. కాబట్టి గెంటేయమనే ఆఫ్‌సైడ్ గారికి నా ఓటు లేదు. అలాగని పాయింట్లు కోస్తే ఏడ్చే లెఫ్ట్‌బ్యాక్ గారికీ లేదు. పాయింట్లదేముంది, ఇంటద్దె కట్టాలి.

రేవు కలాసీ:
మా హార్బర్‌లో బోటు ఓనరు బాకీ పడితే బోటు లంగరేస్తారు. డ్రైవరూ కలాసీలూ ఒడ్డున కూచుంటారు. ఇంకేం చెప్పాలి.

ఉక్కునగరం మాస్టారు:
బాబులూ, మీరంతా 2010 నుంచి ఇటు లెక్కలే చెప్తున్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన టీమ్. వాళ్లెవరూ దివాలా తీయలేదు, ఎందుకంటే ఒకటో తారీఖున జీతం ఇచ్చేది పోలీసు శాఖ. పోర్టులో, రైల్వేలో స్పోర్ట్స్ కోటాలో చేరిన మా తరం ఆటగాళ్లకీ అంతే. మోకాలు పోయినా ఉద్యోగం పోయేది కాదు. కంపెనీ టీములు వచ్చాక కథ మారింది. 1996-97లో మొదటి నేషనల్ లీగ్ గెలిచిన జేసీటీ 2011లో మూతపడింది. అంతకు ముందు ఏడాదే మహీంద్రా యునైటెడ్. అవి దివాలా తీసి కాదు, యాజమాన్యం ఇక చాలనుకుంది, అంతే.

గాజువాక గోల్‌కీపర్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ పోలీసు టీముల్ని ఈ రోజు టీవీలో చూడటానికి ఎవరైనా డబ్బు కడతారా?

ఉక్కునగరం మాస్టారు:
కట్టరు. అప్పుడు కూడా టీవీ లేదుగా నాయనా, గ్రౌండ్ నిండేది.

మధురవాడ లాస్ట్‌బాల్:
ఫుట్‌బాల్ నాకు సగమే తెలుసు, క్రికెట్ మనిషిని. కానీ చోటు ఎవరిదని అడిగారు కదా, దానికి మన స్టేడియంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2012 ఏప్రిల్‌లో డెక్కన్ ఛార్జర్స్ వైజాగ్‌లో ఆడింది గుర్తుందా? ముంబైతో మ్యాచ్‌లో ఆఖరి బంతికి రోహిత్ శర్మ సిక్స్ కొట్టాడు, మా స్టాండ్ మొత్తం నెత్తిన చేతులు పెట్టుకుంది. (ఛార్జర్స్‌కి కప్పు తెచ్చిన 2009లో అతను మనవాడే!) ఆ సెప్టెంబరులోనే డబ్బు చిక్కులతో బీసీసీఐ ఛార్జర్స్‌ని తీసేసింది. కోర్టు అడిగిన 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ తేలేకపోయారు. మరుసటి ఏడాది? అదే హైదరాబాద్‌కి సన్‌రైజర్స్ వచ్చింది.

అంటే అక్కడ ఓనరు పోయాడు, ఊరికి చోటు మిగిలింది. హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలో ఓనరుకి చోటు మిగిలింది, ఊరు పోయింది.

మద్దిలపాలెం లెఫ్ట్‌బ్యాక్:
లాస్ట్‌బాల్ గారూ, నేను టీ కొట్టు దగ్గర గంటసేపు చెప్పలేకపోయింది మీరు రెండు ముక్కల్లో చెప్పారు. నా మాట మార్చుకుంటున్నాను. కోత వద్దనను. ఓనరుని తీసేయండి, చోటు ఊరి పేరున అట్టేపెట్టండి, కొత్తవాడు వచ్చేదాకా కింది డివిజన్‌లో ఆడించినా సరే. పార్మా 2015లో దివాలా తీస్తే ఇటలీ నాలుగో అంచెలో మొదలుపెట్టి 2018కల్లా అక్కడి పై అంచె సీరీ ఎకి తిరిగొచ్చింది. ఊరూ అదే, గ్రౌండూ అదే. లండన్‌లో వింబుల్డన్ క్లబ్బుని ఓనర్లు వేరే ఊరికి మార్చుకుపోవడానికి అనుమతి తెచ్చుకుంటే, 2002లో అభిమానులే కొత్త క్లబ్బు పెట్టి తొమ్మిదేళ్లలో ఇంగ్లండ్ పై నాలుగు అంచెల్లోకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌కి చేరారు.

వాల్తేరు పద్దులు:
సన్‌రైజర్స్ ఏడాదికి 85 కోట్లకి పైగా పాడుకుంది కాబట్టి ఆ ఊరికి చోటు మిగిలింది. అది ఐపీఎల్. పైగా ఆ ఛార్జర్స్ గొడవ అంత తేలిగ్గా తెమల్లేదు. 2020లో మధ్యవర్తి ఛార్జర్స్ ఓనర్లకి 4,800 కోట్లు బీసీసీఐ కట్టాలన్నారు, మరుసటి ఏడాది బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. మన ఫుట్‌బాల్ సంగతి చూస్తే, లీగ్ నడిపే కంపెనీ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కి ఏడాదికి 50 కోట్లు ఇచ్చే పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరులో ముగిసింది. లీగ్ వాణిజ్య హక్కులకి ఫెడరేషన్ టెండరు పిలిస్తే నవంబరు గడువు దాటేసరికి ఒక్క బిడ్డూ రాలేదు. లీగే ఎవరూ పాడుకోని చిట్టీ అయితే అందులో ఊరి చోటుని ఎవరు పాడతారు?

ఇంకోటి. పార్మా పడటానికి కింద అంచెలున్నాయి. ఐఎస్ఎల్ నుంచి అప్పట్లో కిందికి పడటమే లేదు కదా. ఆ 8 పాయింట్ల సీజన్ తర్వాత కూడా హైదరాబాద్ పైనే ఉంది.

పాత స్టాపర్:
ఆ కొత్తవాడు వచ్చేదాకా ఆర్నెల్లు పడితే ఆ ఆర్నెల్ల జీతం ఎవరిస్తారు లెఫ్ట్‌బ్యాక్ గారూ? ఊరా?

మద్దిలపాలెం లెఫ్ట్‌బ్యాక్:
మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు స్టాపర్ గారూ. లీగే ముందుగా క్లబ్బుల దగ్గర డిపాజిట్ తీసుకుని ఉంచాలేమో, పద్దులు గారి ష్యూరిటీ లాగా. ఆలోచించి రాస్తాను.

ఈలోగా ఆఫ్‌సైడ్ గారికి ఒక మాట. బాకీ పడ్డవాణ్ణి గెంటేయాలన్నారు కదా. మన ఆదివారం టీమ్‌లో బంతుల చందా మూడు వందలు రెండు నెలలుగా మీ నుంచి రావాలి. ఈ ఆదివారం మిమ్మల్ని ఆడించాలా, కూచోబెట్టాలా?

ఎంవీపీ ఆఫ్‌సైడ్:
ఇప్పుడే ఫోన్‌పే చేశాను, చూసుకోండి. ఆ నెట్ చిరిగి ఆర్నెల్లయింది, అది కూడా ఎవరి బాకీయో కనుక్కోండి.