తడబడుతున్న యువ క్వార్టర్‌బ్యాక్‌ను పక్కన కూర్చోబెట్టడం మేలు చేస్తుందా?

అమెరికన్ ఫుట్‌బాల్‌ను నిశితంగా గమనించేవారిని ఒక సందేహం అడగదలచాను. 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) మొదటి ఎంపికగా కరోలినా పాంథర్స్ జట్టులో చేరిన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతిని పాస్ చేసే ఆటగాడు) బ్రైస్ యంగ్, తొలి ఏడాది జట్టు 17 మ్యాచ్‌లలో రెండే గెలవగా, 2024లో రెండు మ్యాచ్‌లకే స్థానం కోల్పోయి, తన బదులు ఆడుతున్న ఆండీ డాల్టన్ గాయపడ్డాక తిరిగి వచ్చి మునుపటికన్నా మెరుగ్గా ఆడాడు. ఆ విరామంలో అతనిలో మారినదేమిటి: ప్రత్యర్థి డిఫెన్స్‌ను చదివే తీరా, పాదాల కదలికా, లేక మనసు కుదుటపడటమా? మరో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ మాత్రం బఫెలో జట్టులో చాలావరకు ఆడుతూనే నేర్చుకుని, 2018లో 52.8గా ఉన్న పాస్‌ల పూర్తి శాతాన్ని 2020లో 69.2కు చేర్చాడు, పైగా ఆ ఏడాది పాస్‌లు అందుకునే ఆటగాడు స్టెఫాన్ డిగ్స్ తోడయ్యాడు. యంగ్‌కు తొలి సీజన్ మధ్యలోనే ప్రధాన కోచ్ మారాడు కనుక ఈ పోలిక న్యాయమైనదేనా అని నాకే అనుమానం. ఇలాంటి ఆటగాడికి సాధనలో ముందుగా ఏం సరిదిద్దుతారో తెలిసినవారు వివరించగలరా?