పాత తెరచాపకు మాసికలా, కొత్త చాపా?

గాలివాటం:
పాత పడవతో పాటు డాక్రాన్ తెరచాప కూడా చేతికొచ్చింది. నిండా బూజు మరకలు, రెండు చోట్ల కుట్టు ఊడింది. వాషింగ్ మెషీన్‌లో ఓ తిప్పు తిప్పి, ఇంట్లో ఉన్న కుట్టుమిషన్‌తో కుట్టేద్దామని నా ఆలోచన. మావాళ్లేమో దండగ, కొత్తది కొను అంటున్నారు. మీరేమంటారు?

సూదీదారం:
కుట్టండి, తప్పకుండా కుట్టండి, కానీ వాషింగ్ మెషీన్ మాట ఎత్తకండి. డాక్రాన్ కూడా పాలిస్టరే గానీ, తెరచాప గుడ్డకు రెజిన్ పట్టించి బిగువు తెస్తారు. గంజి పెట్టిన బట్టలాగే, కాకపోతే ఈ గంజి పోతే ఇంట్లో మళ్లీ పెట్టుకోలేం. మెషీన్‌లో నలిగితే రెజిన్ విరిగిపోయి, గుడ్డ ఐమూలగా సాగుతుంది. నాదొకటి అలాగే తెల్లగా, మెత్తగా, దుప్పటిలా బయటికొచ్చింది. కప్పుకోవడానికి బాగుంది.

నేలమీద పరిచి, తేలికపాటి సబ్బునీళ్లతో మెత్తని బ్రష్ వాడండి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లు పోయండి, నీడలో ఆరేయండి. బూజు పాలిస్టర్‌ని తినదు, మరక మాత్రమే. అది పోలేదని బెంగ వద్దు.

ముక్కుసూటి:
బ్లీచ్ పలచగా కలిపి కాసేపు ఉంచి కడిగేస్తే మరక కూడా తగ్గుతుంది. కానీ నైలాన్ చాపలకు బ్లీచ్ తగలనివ్వకండి, గుడ్డే పాడవుతుంది.

అసలు గొడవ అది కాదు. మీరిద్దరూ కుట్టు గురించే మాట్లాడుతున్నారు, ఆకారం మాటేంటి? సాగిపోయిన చాపలో పొట్ట, అంటే గాలికి ఉబ్బే భాగం, వెనక్కి జరుగుతుంది, గాలికి ఎదురు వెళ్లబోతే పడవ పక్కకి ఒరుగుతుందే తప్ప ముందుకు సాగదు. దానికి ఎన్ని మాసికలు వేసినా ఒకటే.

సూదీదారం:
పందేలకు వెళ్లేవాళ్ల బాధ అది. సరదాగా తిరిగేవాడికి పొట్ట కాస్త వెనక్కి జరిగితే కొంపేం మునగదు. ఎండకు సాధారణంగా ముందు చచ్చేది దారం. గుడ్డ గట్టిది కాబట్టి కుట్టు అందులోకి దిగదు, పైకి తేలి ఎండకీ రాపిడికీ దొరికిపోతుంది. గోటితో గీకి చూడండి, పుటుక్కున తెగితే దారం పని అయిపోయినట్టే. తర్వాత వెనక అంచు దగ్గర గుడ్డకి సూది గుచ్చి లాగండి. చిరిగిందా, ముక్కుసూటి గారి మాటే నిజం, కొత్తది కొనండి.

గాలివాటం:
చూశాను. గీకితే దారం పొడిలా రాలింది, గుడ్డ మాత్రం చిరగలేదు. పాత రంధ్రాల్లోనే కుట్టాలా?

సూదీదారం:
చేత్తో అయితే పాత రంధ్రాల్లోనే. మిషన్ మీదైతే అవి దొరకవు, పాత వరుస పక్కనే కొత్త జిగ్‌జాగ్ వేయండి. సూది 16 లేదా 18 నంబరు, దారం పాలిస్టర్‌దే, నూలు వద్దు. ముందు రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించుకోకపోతే గుడ్డ జారిపోయి ముడతలొస్తాయి. మూలల్లో పొరలు ఎక్కువ, అక్కడ మిషన్‌ని హింసించకండి, అరచేతికి తోలు తొడుగు వేసుకుని చేత్తోనే కుట్టండి.

ముక్కుసూటి:
కుట్టాక ఒకసారి గాలికి ఎదురు వెళ్లి చూసి, అప్పుడు చెప్పండి.