చెరువు గట్టు మీద ప్యానెల్ బాక్సుకి ఫ్యాను పెట్టాలా, వద్దా?

మొగల్తూరు రైతు:
మా రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు (నీళ్లకి గాలి అందించే యంత్రాలు) నడిపే 5 హెచ్‌పీ వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని మార్చే డ్రైవు, ఉందండి. రోహిణి కార్తె ఎండలకి మధ్యాహ్నం ఓవర్ హీట్ అని చూపించి ట్రిప్ అయిపోతోంది. బాక్సుకి కన్నం కొట్టి ఫ్యాను పెట్టమని ఒకరు, కన్నం కొడితే ఉప్పు గాలికి లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతుందని ఇంకొకరు. ఏరియేటర్లు ఆగితే రొయ్య ఏమవుతుందో మీకు తెలియంది కాదు, ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

భీమవరం ప్యానెల్ మేస్త్రి:
ఫ్యాను పెట్టించండి. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. అందులో నూటికి మూడు వంతుల దాకా డ్రైవులోనే వేడిగా పోతుంది, అంటే సుమారు 110 వాట్లు. లోపలి గాలి బయటికన్నా 10 డిగ్రీలు మించకుండా ఉండాలంటే గంటకి 34 ఘనపు మీటర్ల గాలి ఆడితే చాలు. 120 ఎంఎం ఫ్యాను ఫిల్టరు వేసినా అంత లాగుతుంది.

కాకినాడ డిజైనర్:
లెక్క కరెక్టేనండి. నా గొడవంతా ఆ గాలి ఎలాంటిదన్న దాని గురించే. మొగల్తూరులో వీచేది సముద్రపు గాలి. బోర్డు మీద సన్నగా ఉప్పు పేరుకుంటుంది, తేమ 75 శాతం దాటగానే ఆ ఉప్పు నీరు పీల్చుకుని తడి పొరగా మారుతుంది. కరెంటు దాని మీదుగా పారుతుంది, బోర్డు మీది భాగాల కాళ్లు తుప్పు పడతాయి. మన దగ్గర రాత్రిళ్లు తేమ అంతకు తగ్గడమే అరుదు. పైగా ఫ్యాను మీద రాసే అంకె అడ్డం ఏమీ లేనప్పటిది. ఫిల్టరు మట్టి పట్టాక వచ్చే గాలి వేరు.

రాజోలు ఎలక్ట్రీషియన్:
అలాగని అంతా మూసేస్తే మాత్రం? 800 ఎంఎం ఎత్తు, 600 వెడల్పు, 300 లోతు ఇనుప బాక్సులో 110 వాట్లు ఉంటే లోపల బయటికన్నా 15 డిగ్రీలు ఎక్కువ. బయట 40 ఉంటే లోపల 55. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ డ్రైవులో కరెంటు నిల్వ చేసే కెపాసిటర్ ఆయుష్షు సగమైపోతుంది.

కాకినాడ డిజైనర్:
అందుకే హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు ముక్క) రెక్కలు బాక్సు వెనక గోడలోంచి బయటికి వచ్చేలా బిగించే డ్రైవు తీసుకోమంటాను. బోర్డు లోపల మూసే ఉంటుంది, ఫ్యాను బయట రెక్కల మీద గాలి కొడుతుంది. వేడిలో ముప్పావు వంతు అటు పోయిందనుకుంటే లోపల పెరిగేది నాలుగు డిగ్రీల లోపే.

భీమవరం ప్యానెల్ మేస్త్రి:
ఆ రకం డ్రైవు ధర విన్నాక రైతు మళ్లీ నా షాపు గుమ్మం తొక్కడు. బయట పెట్టిన ఫ్యాను మాత్రం ఉప్పుకి బతుకుతుందా?

కాకినాడ డిజైనర్:
బుష్ బేరింగ్ ఫ్యాను బతకదు, వేడికి అందులో నూనె ఆరిపోతుంది. బాల్ బేరింగ్, ఐపీ 68 (దుమ్ము, నీరు చొరబడని రకం) ఉన్నది వెయ్యండి. అదీ పోయిందనుకోండి, పోయేది ఫ్యాను ఒక్కటే, డ్రైవు కాదు. మార్చడానికి నాలుగు స్క్రూలు.

రాజోలు ఎలక్ట్రీషియన్:
ఆయనకి ఉన్న డ్రైవు గురించి చెప్పండి సార్, కొత్తది కొనే రోజులా ఇవి?

కాకినాడ డిజైనర్:
ముందు నీడ. ముదురు రంగు బాక్సు తలుపు మీద పడమటి ఎండ నేరుగా పడితే, డ్రైవు పుట్టించే వేడికన్నా ఎక్కువే తలుపు పీల్చుకుంటుంది, అందులో కొంత లోపలికి వస్తుంది. పైనా, పడమటి వైపూ జానెడు ఖాళీ వదిలి రేకు వేయించి, బాక్సుకి తెల్ల రంగు కొట్టించండి. అప్పటికీ ట్రిప్ అయితేనే కన్నం. ఫ్యాను కింద పెట్టి గాలిని లోపలికి తోయించండి, పైన బయటికి దారి ఇవ్వండి. పైన పెట్టి బయటికి లాగిస్తే ఫ్యాను వేడి గాలిలో తిరిగి తొందరగా పోతుంది, కేబుల్ సందుల్లోంచి దుమ్మునీ లాగుతుంది.

భీమవరం ప్యానెల్ మేస్త్రి:
నీడకి నేనూ సరే. కానీ ఫిల్టరు వారం వారం దులిపే మనిషి ఉంటే మామూలు ఫ్యానే చాలని నా మాట.

మొగల్తూరు రైతు:
ఆయ్, మా బాక్సు తలుపు పడమటికే ఉందండి. రేకు రేపే వేయిస్తాను. ట్రిప్ ఆగిందో లేదో చూసి ఇక్కడే రాస్తాను.